ఆ ఏటవాలు గీతకు అర్థం వేరు

సంపాదకులకు,

ఆదివారం ఫ్యాన్ ఫిక్షన్ మీద, అంటే సీరియళ్లు, సినిమాలు, పుస్తకాల్లోని పాత్రలతో అభిమానులు రాసుకునే కథల మీద, మీరు వేసిన వ్యాసం చదివాను. మిగతాదంతా బాగుంది కానీ ‘స్లాష్’ అంటే పెద్దలు మాత్రమే చదవాల్సిన కథలని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది తప్పండీ. పదేళ్లుగా ఇవి చదువుతూ, రాస్తూ ఉన్నదాన్ని, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆ మాట 1970లలో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమానుల దగ్గర పుట్టింది. అందులోని ఇద్దరు మగ పాత్రలు కిర్క్, స్పాక్ ప్రేమించుకున్నట్టు రాస్తే రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత (/) పెట్టేవాళ్లు, స్నేహం వరకే అయితే & గుర్తు పెట్టేవాళ్లు. ఆ గీత పేరే స్లాష్, అలా ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకునే కథలకీ అదే పేరు నిలిచింది. కథలో ముద్దుందా, పడకగది ఉందా అన్నది గీతను బట్టి తెలియదు, దానికి, ఏ వయసువాళ్లు చదవొచ్చో చెప్పే రేటింగ్ వేరే ఉంటుంది. ఆడవాళ్ల జంటకి ఫెమ్‌స్లాష్ అన్న పేరు తర్వాత వచ్చింది. అసలు కథలోనే ఆ ఇద్దరూ ప్రేమికులైతే దాన్ని స్లాష్ అనొచ్చా అని మాలో మాకే పడదు, నన్నడిగితే అనొచ్చు.

ఒకప్పుడు చాలామంది కథ పైన ‘వార్నింగ్: స్లాష్’ అని రాసేవాళ్లు, హింసకి రాసినట్టే. 2009లో అందరికీ తెరిచిన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైటులో వీటిని విడదీశారు: జంట ఏ రకమో ఒకచోట, రేటింగ్ ఇంకోచోట, హింస, ముఖ్య పాత్ర చనిపోవడం లాంటి వార్నింగులు మరోచోట. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకోవడం ఆ వార్నింగుల్లో లేదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో!

అన్నిచోట్లా అలా లేదు. నిరుడు ఒక చిన్న కథ రాశాను. రైలు తప్పిపోయిన ఇద్దరమ్మాయిలు ఒకే దుప్పటి కప్పుకుని ప్లాట్‌ఫాం మీద తెల్లవార్లూ కూర్చుంటారు, పొద్దున్నే ఒకమ్మాయి రెండో అమ్మాయి జుట్టులో చిక్కు తీస్తుంది, అంతే కథ. వేరే సైటులో పెడితే మూడో రోజుకల్లా పెద్దల విభాగంలోకి తోసేశారు. అక్కడే నాది ఇంకో కథ ఉంది, అందులో అమ్మాయీ అబ్బాయీ ముద్దు పెట్టుకుంటారు, అది మాత్రం అందరి విభాగంలోనే ఉంది. ఎందుకని అడిగితే ‘ఇద్దరూ అమ్మాయిలు కదా’ అన్నారు. అలాంటి కథ కోసమే వెతుక్కునే పదిహేనేళ్ల పిల్లకి ఇక అది కనపడనే కనపడదు.

మీ పేపర్ చదివేవాళ్లలో ఆ పిల్ల అమ్మానాన్నలూ ఉంటారు. దయచేసి వచ్చే ఆదివారం, జంట ఎవరన్నది వేరు, కథలో ఎంతవరకు చూపించారన్నది వేరు అని ఒక్క లైనైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు