గని బురద కట్ట భద్రతపై ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,

నమస్కారం. చీపురుపల్లి దగ్గర మీ మాంగనీసు గనిలో ఖనిజం కడిగాక మిగిలిన బురదను ఆపే మట్టికట్టకు దిగువనే మా పొలాలు, ఆ వెనక మా ఇళ్లు ఉన్నాయి. ఆ కట్ట పరిస్థితి బాగోలేదు. దిగువ రైతులందరి తరఫున రాస్తున్నాను.

కట్ట అడుగున ఊట ఎప్పటినుంచో ఉంది. ఇన్నాళ్లూ తేటగా వచ్చేది. ఈ వానలు మొదలయ్యాక మట్టిరంగులో వస్తోంది, ఊట దిగేచోట సన్నటి ఇసుక మేట వేస్తోంది. అంటే నీటితోపాటు కట్ట లోపలి మట్టీ కొట్టుకొస్తోంది. అలా లోపల బొరియ పడితే గండి పడేదాకా పైకి తెలియకపోవచ్చు. మీ సూపర్‌వైజర్ గారిని పిలిచి చూపిస్తే "ఏ చెరువు గట్టుకైనా ఊట ఉంటుంది" అని వెళ్లిపోయారు. చెరువు గట్లు మాకూ తెలుసండీ. చెరువుకు అలుగు ఉంటుంది. మీ కట్టకు వాననీరు పోవడానికి ఒకే పైపు, దాని మూతి సగం పూడిపోయింది. పైగా ఆరని పాత బురద మీదే కొత్త మట్టి పోసి ఎత్తు పెంచుతున్నారు.

బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో అలా బురద మీదే పెంచుకుంటూ పోయిన కట్ట 2019 జనవరి 25న కూలి 270 మంది చనిపోయారు. అది భద్రంగా ఉందని కొన్ని నెలల ముందే సర్టిఫికెట్ ఇచ్చారు. కింద ఉన్న గని క్యాంటీన్ కూడా కొట్టుకుపోయింది. మీ కూలీల షెడ్డు కూడా మా వైపే ఉంది, సార్.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అందుకే ఈలోపే బురద మీద నిలిచిన నీటిని తగ్గించండి, పైపు పూడిక తీయించండి. ఊటను మాత్రం సిమెంటు పూసి మూయించొద్దు, నీరు లోపలే నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. ఇసుక, కంకర పొరలతో ఫిల్టరు వేయించి, పైన రాళ్లు పేర్పించండి. కంపెనీతో సంబంధం లేని ఇంజనీరు వచ్చి చూసేదాకా కట్ట ఎత్తు పెంచడం ఆపండి. లోపలి నీటిమట్టం కొలిచే పైజోమీటర్లు ఉంటే వాటి రీడింగులు పంచాయతీ ఆఫీసులో పెట్టించండి. లేకపోతే వెంటనే వేయించండి. గండి పడితే మోగే సైరన్, ఎటు పరుగెత్తాలో చెప్పే దారి మా పిల్లలకు కూడా తెలియాలి.

జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ లేఖ కాపీలు జిల్లా కలెక్టరు గారికి, గనుల భద్రతా డైరెక్టరేట్‌కు పంపుతున్నాం.

ఇట్లు,
కట్ట దిగువ రైతుల తరఫున
ఒక రైతు
విజయనగరం జిల్లా