ద్రాక్ష కోతల కాలంలో మీ ప్రయాణం గురించి

కార్ల్స్‌రూహె, జర్మనీ

పూజ్యులైన నాయినకు, అమ్మకు,

మీ బిడ్డ నమస్కరించి వ్రాయు విషయములు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను. ఫోనులో ఈ ప్రయాణం సంగతి ఎత్తిన ప్రతిసారీ మాట బత్తాయి ధర మీదికో, అమ్మ మోకాళ్ల మీదికో మళ్లిపోతున్నది. అందుకే ఉన్నదంతా కాగితం మీద పెడుతున్నాను. ఇద్దరూ తీరికగా చదివి, తమ్ముడికి కూడా చూపించి మీ మాట చెప్పండి.

తమ్ముడు పంపిన ప్యాకేజీ టూరు కాగితం చూశాను. పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అన్నీ ఒకే విడతలో చూపిస్తారట. అందులో మీరు ఎక్కువసేపు చూసేది బస్సు కిటికీనే. తెల్లవారకముందే పెట్టెలు సర్దుకొని కిందికి దిగడం, గైడు ఎత్తిపట్టిన జెండా వెంట నడవడం, రాత్రికి ఇంకో ఊరిలో ఇంకో హోటలు ఎక్కడం అమ్మ మోకాళ్లతో అయ్యే పని కాదు. పైగా నాయిన ఏ ఊరికి పోయినా ముందు చూసేది గుడినో కోటనో కాదు, పొలాన్ని. కాబట్టి మా కారులోనే, రోజుకు యాభై అరవై కిలోమీటర్లకు మించకుండా, జర్మనీలోని ఫాల్జ్ ప్రాంతపు ద్రాక్ష ఊళ్ల మీదుగా ఫ్రాన్సులోని అల్సాస్ దాకా మిమ్మల్ని తిప్పాలని నేనూ మీ అల్లుడూ అనుకుంటున్నాము. ఎక్కడ బస చేసినా మూడు నాలుగు రాత్రులు అక్కడే ఉంటాము, అమ్మ రోజూ పెట్టె సర్దవలసిన పని ఉండదు.

వైన్ ఊళ్లనగానే అమ్మకు కోపం వచ్చిందని తమ్ముడు చెప్పాడు. అమ్మా, సారా మాన్పించడానికి మీ ఆడవాళ్లంతా దుకాణం ముందు కూర్చున్న రోజులను నేను తక్కువ చేసి చూడను. 1993లో సారా నిషేధం వచ్చిందంటే మీలాంటి వాళ్ల వల్లనే వచ్చింది. కానీ నేను తిప్పాలనుకుంటున్నది తాగుడు దుకాణాల చుట్టూ కాదు. ఇవి పూర్తిగా రైతుల ఊళ్లు. కోతల కాలంలో అప్పుడే పిండిన తియ్యటి ద్రాక్షరసం దొరుకుతుంది, నీకు అది చాలు. నాయిన మాత్రం ఒక రకం రుచి చూడాలి. సగం పులిసిన కొత్త రసాన్ని ఇక్కడ ఫెడర్‌వైసర్ అంటారు. సీసాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది కనుక మూత గట్టిగా బిగించరు, పడుకోబెట్టకుండా నిలబెట్టే ఇంటికి తీసుకుపోవాలి. తాటికల్లు ఎరిగిన మనిషికి ఇంతకన్నా వివరం అక్కరలేదు.

కాలం సంగతి చెబుతాను. సీజన్ కాయ తెంపడం అయిపోయేదాకా బత్తాయి తోట విడిచి రానని నాయిన అన్నారు, బతుకమ్మ నాటికి ఇంట్లో ఉండాలని అమ్మ అన్నది. రెండూ న్యాయమే. ఈసారి దసరా అక్టోబరు మూడో వారంలో వస్తున్నది కాబట్టి, వినాయకచవితి చేసుకొని సెప్టెంబరు మూడో వారం దాటాక బయలుదేరితే బతుకమ్మకు తిరిగి చేరవచ్చు. ఇక్కడ ద్రాక్ష కోతలు సెప్టెంబరులో మొదలై అక్టోబరులోనూ సాగుతాయి, రీస్లింగ్ అనే రకం ఆలస్యంగా పక్వానికి వస్తుంది. సెప్టెంబరు రెండు, మూడు వారాంతాల్లో బాడ్ డుర్క్‌హైమ్ అనే ఊరిలో పెద్ద వైన్ జాతర జరుగుతుంది. ఆ జనం మధ్య మనకు పని లేదు, అది ముగిశాక పోవడమే మేలు. 1934లో కట్టిన పెద్ద చెక్కపీపా ఒకటి ఆ ఊరిలో ఉన్నది. పదిహేడు లక్షల లీటర్లు పట్టే పీపా అది, కానీ అందులో ఏనాడూ వైన్ పోయలేదు, లోపల భోజన హోటలు నడుపుతున్నారు. దారిలోనే కాబట్టి ఒకసారి చూసి ముందుకు పోదాము.

మొదటి అంకం జర్మన్ వైన్ రోడ్డు. ఉత్తరాన బోకెన్‌హైమ్ నుంచి దక్షిణాన ఫ్రాన్సు సరిహద్దున ఉన్న ష్వైగెన్ వరకు దాదాపు 85 కిలోమీటర్లు. బండి ఆపకుండా పోతే రెండు గంటల పని, మనము నాలుగు రోజులు తీసుకుందాము. పడమటి కొండలు వానమబ్బులను ఆపేస్తాయి కాబట్టి ఈ ప్రాంతంలో ఎండ ఎక్కువ, చలి తక్కువ, అంజూర చెట్లు, బాదం చెట్లు కూడా కాస్తాయి. ఈ రోడ్డు పుట్టిన కథ నాయినకు తప్పక చెప్పాలి. 1930ల నడుమ పంట విపరీతంగా పండి వైన్ అమ్ముడుపోకుండా మిగిలిపోయింది. అంతకుముందు వ్యాపారంలో పెద్ద భాగం యూదుల చేతుల్లో ఉండేది, నాజీలు వాళ్లను తరిమేస్తుండడంతో కొనే వర్తకులు కూడా కరువయ్యారు. అప్పుడు ఆ నాజీ పాలకులే 1935లో, జనాన్ని తోటల దాకా రప్పించి అమ్ముకోవడానికి, ఊళ్లన్నిటినీ కలుపుతూ ఈ రోడ్డుకు పేరు పెట్టారు. ఇప్పుడు అందంగా కనిపించే దారికి ఈ చరిత్ర కూడా ఉన్నదని తెలిసే పోవాలి. అదే దారి పక్కన నోయ్‌స్టాట్ పైన హాంబాఖ్ కోట ఉన్నది. 1832లో వేల మంది జనం ఆ కొండెక్కి, రాజుల పెత్తనం పోవాలని, దేశం ఒక్కటి కావాలని సభ జరిపారు. కోటలంటే ఇష్టం లేకపోయినా దీన్ని చూడకుండా నాయిన ఊరుకోరని నాకు తెలుసు.

నేను ఈ ప్రయాణాన్ని తలపెట్టిన అసలు కారణం మాత్రం డైడెస్‌హైమ్ అనే చిన్న ఊరు. అక్కడి ద్రాక్ష రైతులు 1898లోనే సహకార సంఘం పెట్టుకున్నారు, ఫాల్జ్‌లో అదే మొదటిదట. ఇలాంటి సంఘాల్లో రైతు తెచ్చిన ద్రాక్షను తూకం వేస్తారు, రసంలో చక్కెర ఎంత ఉందో సాధనంతో కొలుస్తారు, సాధారణంగా ఆ రెండింటి లెక్క మీదనే డబ్బు కడతారు, అది కూడా విడతలుగా. చక్కెర కొలతను ఎక్స్‌లె అంటారు. మా ఊరికి దగ్గరలోని ఫోర్జ్‌హైమ్‌కు చెందిన ఎక్స్‌లె అనే పనివాడి పేరే ఆ కొలతకు నిలిచిపోయింది. మన దగ్గర బత్తాయి తోటలోకి వచ్చిన వ్యాపారి కంటిచూపుతో ధర కట్టి, తెంపిన తర్వాత సూటు పేరుతో తూకంలో కోత పెట్టి, మచ్చ ఉన్నదని ఇంకొంత తీసేస్తే, లారీ కదిలేదాకా మీరు నోరు మెదపలేరు. ఇక్కడి రైతుకు కష్టాలు లేవని కాదు. వైన్ తాగేవాళ్లు తగ్గిపోతున్నారు, పీపాల లెక్కన అమ్మే వైన్‌కు పెట్టుబడి కూడా రాక కొందరు తోటలు పీకేస్తున్నారు. అయినా తూకం దగ్గర, కొలత దగ్గర రైతు నిలబడి చూసే హక్కు ఉన్నది. గుర్రంపోడు వైపు బత్తాయి రైతులు ఒక సంఘంగా ఏర్పడాలని మీరు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు కదా, ఒక పూట వాళ్ల తూకం దగ్గర నిలబడి చూస్తే మీకు ఎన్నో ప్రశ్నలు పుడతాయి. అల్సాస్‌లోని రీబోవిల్లే సంఘం ఇంకా పాతది, 1895లో మొదలైంది. అక్కడికీ పోదాము. భాష సంగతి మాకు వదిలేయండి.

తోటలు కూడా మీకు కొత్తగా కనిపిస్తాయి. హైదరాబాదు చుట్టుపక్కల మీరు చూసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటల్లా పందిళ్లు ఉండవు, కడ్డీల మధ్య తీగలు లాగి వరుసలుగా పెంచుతారు. కానీ మొదలు దగ్గర వంగి చూస్తే అంటు కట్టిన గుర్తు కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు వేర్లను తినేసి యూరపు తోటలను నాశనం చేసింది. మందులు పనిచేయలేదు. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమూలం మీద ఇక్కడి రకాలను అంటు కట్టి తోటలను మళ్లీ నిలబెట్టుకున్నారు. రంగపూర్ నిమ్మ మీద సాత్‌గుడి బత్తాయి అంటు కట్టించి మీరు పెంచిన తోటదీ ఇదే పద్ధతి.

అమ్మ చూడవలసింది కోత. సమతలంగా ఉన్న చోట యంత్రాలే వరుసల మీద నడిచి పండ్లు రాలుస్తాయి, ఏటవాలు తోటల్లో మనుషులే కత్తెరలు పట్టుకొని కోస్తారు. అల్సాస్‌లో క్రెమాన్ అనే నురగ వైన్‌కు చేతికోత తప్పనిసరి. ఆ కూలీలలో చాలామంది పోలండ్, రుమేనియా దేశాల నుంచి కొన్ని వారాల కోసం వచ్చేవాళ్లు. మక్తల్ వైపు అమ్మ పుట్టింటివాళ్లు ప్రాజెక్టు పనులకు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగినవాళ్లే కనుక ఆ ముఖాలు ఆమెకు పరాయివిగా అనిపించవు. అయితే కోతల కాలంలో తోటల లోపలి దారులను చాలా చోట్ల బయటివాళ్లకు మూసివేస్తారు. యజమాని పిలిస్తేనే లోపలికి అడుగు పెట్టాలి, ఒక్క పండు కూడా తెంపరాదు. మధ్యమధ్య తుపాకి పేలినట్టు చప్పుడు వస్తే భయపడకండి, పిట్టలను తోలడానికి గ్యాసుతో పేలుస్తారు.

ష్వైగెన్ దాటితే ఫ్రాన్సులోని విసెంబూర్. జర్మనీ ఇచ్చే వీసాతోనే అక్కడికీ పోవచ్చు, పాస్‌పోర్టులు మాత్రం వెంట ఉండాలి. అల్సాస్ వైన్ దారి 1953లో ఏర్పడింది. మార్లెన్‌హైమ్ నుంచి టాన్ దాకా సుమారు 170 కిలోమీటర్లు, మనము కొల్మార్ దగ్గర ఆపేద్దాము. 1871లో జర్మనీ చేతికి, 1918లో ఫ్రాన్సుకు, 1940లో మళ్లీ జర్మనీకి, ఆ యుద్ధం చివర తిరిగి ఫ్రాన్సుకు మారిన నేల అది. ఊళ్ల పేర్లు జర్మన్‌లా ఉంటాయి, మాట ఫ్రెంచి. రిక్‌విర్, కైజర్స్‌బెర్గ్ ఊళ్లలో పగటిపూట యాత్రికుల రద్దీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే చూసి బయటపడదాము. మిగిలిన రోజుల్లో ఏ ఊరిలో ఎక్కువసేపు ఉండాలో ముందే రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

బండి విషయంలో ఒక కట్టుబాటు. జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ లీటరు రక్తానికి 0.5 గ్రాముల మద్యం దాకా చట్టం సహిస్తుంది. మన దేశంలో పరిమితి ఇంకా తక్కువ, 0.3 గ్రాములే. మేము ఈ లెక్కలు పెట్టుకోము. ఆ రోజు స్టీరింగు ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లు చుక్క కూడా ముట్టరు, నేనూ మీ అల్లుడూ రోజు విడిచి రోజు నడుపుతాము. ఊరి బయట జర్మనీలో 100, ఫ్రాన్సులో సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం దాకా పోవచ్చు గానీ, ద్రాక్ష ట్రాలీలు లాగే ట్రాక్టర్ల వెనుక ఆ వేగం అక్కరకు రాదు. తొందరపడి దాటేసే పని లేకుండా చూసుకునేదే ఈ ప్రయాణం.

తిండి గురించి దిగులు వద్దు. ద్రాక్ష రైతుల ఇళ్లలోనే వంటగదితో సహా గదులు అద్దెకు ఇస్తారు. కుక్కరు, సోనామసూరి బియ్యం, పచ్చళ్లు కారులో వేసుకుందాము. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, అక్టోబరు 3 జాతీయ సెలవు, కూరగాయలు ముందే కొనిపెట్టుకోవాలి. కొందరు రైతులు ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా, నలభై మందికి మించకుండా, తమ ఇంటి వాకిట్లోనే తమ వైన్, చిన్న చిన్న వంటలు అమ్ముకోవడానికి చట్టం వీలిస్తుంది. తెరిచి ఉన్నదని తెలియడానికి గుమ్మానికి కొమ్మల కట్ట వేలాడదీస్తారు. అమ్మకు ఉడికించిన ఆలుగడ్డ, గడ్డపెరుగు వంటి జున్నుతో దొరుకుతుంది. ఉల్లిగడ్డ రొట్టెలో మాత్రం తరచుగా పందిమాంసపు ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోవాలి. చిన్న రైతుల దగ్గర కార్డు కన్నా నగదే మేలు. ఊరికే రుచి చూసి లేచిపోవడం మర్యాద కాదు, ఒకటి రెండు సీసాలైనా కొనాలి.

ఇక మీరు చేయవలసిన పనులు. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేరాలి. అపాయింటుమెంటు ఆలస్యమవుతుంది కాబట్టి తమ్ముడు ఇప్పుడే చూడాలి. పాస్‌పోర్టుల గడువు తిరిగి వచ్చాక మూడు నెలలైనా మిగిలి ఉండాలి, అమ్మది ఒకసారి తీసి చూడండి. పట్టాదారు పాసుపుస్తకం నకలు, బ్యాంకు కాగితాలు సిద్ధం చేయండి. ఇక్కడి కార్యాలయం నుంచి పూచీపత్రం నేను తీసి పంపుతాను. ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా మేమే కడతాము. మోకాళ్ల మందులకు డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. కోతల కాలంలో రైతుల ఇళ్లు త్వరగా నిండిపోతాయి. మీరు వెళ్లిన రోజుల్లో తోటకు నీళ్లు పెట్టడానికి ఎవరు ఒప్పుకున్నారో, ఏ తారీఖున బయలుదేరగలరో వచ్చే ఆదివారం ఫోనులో చెబితే, ఆ రాత్రే డైడెస్‌హైమ్‌లో గదులకు బయానా పంపిస్తాను.

మీ బిడ్డ