చింపిన నోటుపుస్తకం ఏం చెబుతోంది?

సంపాదకులకు,

అల్లరి చేసే పిల్లలను తరగతి బయట నిలబెట్టడమే క్రమశిక్షణ అని చాలామంది ఇంకా నమ్ముతున్నారు. ఉపాధ్యాయురాలిగా నేనూ ఒకప్పుడు అదే చేశాను. లెక్కల పీరియడ్ మొదలవగానే నోటుపుస్తకం చింపి విసిరే బాబు ఒకడు ఉండేవాడు. బయటికి పంపిన ప్రతిసారీ వాడికి కావలసిందే దొరికేది: లెక్కల నుంచి తప్పించుకోవడం. ఈ సంగతి గ్రహించడానికి నాకు నెలలు పట్టింది. తర్వాత పది లెక్కలకు బదులు రెండే ఇచ్చాను. కష్టమనిపిస్తే బల్ల మీద ఎర్ర అట్టముక్క పెట్టమన్నాను. మొదటిసారి అది పెడుతున్నప్పుడు వాడి వేళ్లు వణికాయి. "సాయం అడిగావు, మంచి పని చేశావు" అన్నాను. చింపడం ఒక్కరోజులో ఆగలేదు, కానీ తగ్గుతూ వచ్చింది.

ఆవేశాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. ఏడేళ్లవాడిని కసిరితే నిగ్రహం ఎక్కడి నుంచి వస్తుంది? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం పిల్లలను శారీరక, మానసిక హింస నుంచి కాపాడాలంటోంది. గొడవకు ముందు ఏం జరిగింది, తర్వాత పిల్లవాడికి ఏం దక్కింది అని రాసి చూసుకోవడం ఉపాధ్యాయ శిక్షణలో నేర్పాలి. తల్లిదండ్రులను ఫిర్యాదు చేయడానికే కాక, పిల్లవాడు బాగా మెలిగిన రోజున కూడా పిలవాలని పాఠశాలలను వేడుకుంటున్నాను.

- ఒక ఉపాధ్యాయురాలు