నాన్న లాగ్‌బుక్ తెచ్చిచ్చిన ఆటో అన్నకు

అన్నా, పోయిన గురువారం సాయంత్రం బేగంపేటలో మీ ఆటో ఎక్కి తార్నాకలో దిగింది నేనే. నాన్న పెద్దకర్మ పనుల హడావిడిలో సంచి సీటు మీదే వదిలేశాను. అందులో ఆయన గ్లైడర్ లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకున్న పుస్తకం, ఉంది.

చేసింది విమానాల ఇంజినీరు ఉద్యోగమే అయినా, నాన్న ప్రాణమంతా ఇంజినే లేని గ్లైడర్ విమానం మీద. 1961లో తొలిసారి ఎగిరిన, మన దేశంలోనే తయారైన రోహిణి గ్లైడర్ అంటే మరీ ఇష్టం, ఇద్దరు పక్కపక్కనే కూర్చోవచ్చు కదా! నేల మీది వించ్ యంత్రం లాగే తాడుతో పైకి లేచాక, ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలే (థర్మల్) దిక్కు. రిటైరయ్యాక కూడా డాబా మీద నిలబడి, రెక్క ఆడించకుండా తిరిగే గద్దను చూపించి "అదిగో, అక్కడ థర్మల్ ఉంది" అనేవారు.

ఆ పుస్తకంలో ఒకచోట "గద్దతో పాటు, 41 నిమిషాలు" అని ఆయన చేతిరాత. అది పోయిందనుకుని అమ్మ అన్నం ముట్టలేదు.

మొదటి పేజీలో అడ్రస్ చూసి, రాత్రి తొమ్మిదిన్నరకు వానలో వెతుక్కుంటూ వచ్చారు. తడవకుండా పాలిథిన్ కవర్ చుట్టారు. మంచినీళ్లు తాగి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ కవర్ అమ్మ ఇంకా తీయనివ్వలేదు. మీకు వేల దండాలు అన్నా. ఒక్కసారి ఇంటికి రండి, భోజనం చేసి వెళ్దురు.