అందరూ పెట్టే సంతకం

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా బానే ఉందంటుంది గానీ, నేనే డాబా మెట్లు ఎక్కనివ్వడం లేదు.

నువ్వు పంపిన ఉద్యోగం అగ్రిమెంటు ప్రింటు తీయించి మొత్తం చదివాను. రెండేళ్ళు నిండకుండా మానేస్తే ఇరవై వేల డాలర్లు కట్టాలట. మానేశాక ఏడాదిపాటు వాళ్ళ క్లయింట్ల దగ్గర చేరకూడదట. అడిగితే "ఇక్కడ అందరూ పెట్టేదే నాన్నా" అన్నావు. రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసి మిమ్మల్ని పెంచినవాణ్ణి. ఆ మాట చెప్పి నా ముందు వేలిముద్రలు వేసి, తర్వాత ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళు చాలామంది. అందుకని అమెరికాలో ఈ కాంట్రాక్టు చట్టం ఎలా నడిచొచ్చిందో చదవడం మొదలుపెట్టాను. చదివినదంతా ఫోన్లో చెప్పడం కుదిరేది కాదు, అందుకే ఉత్తరం.

అన్నిటికంటే నన్ను కదిలించింది అలబామా కేసు ఒకటి. అలోంజో బెయిలీ అనే నల్లజాతి కూలీ 1907 డిసెంబరు చివర్లో ఒక కంపెనీ పొలంలో ఏడాది పనికి కుదిరాడు. నెలకు 12 డాలర్లు జీతం. ముందుగా 15 డాలర్లు అడ్వాన్సు. అది నెలకు డాలరుంబావు చొప్పున కోసుకోగా చేతికొచ్చేది పదిముప్పావు. నెల దాటిన కొద్దిరోజులకే మానేశాడు. బాకీ ఉన్నాడు, కావాలంటే సివిల్ దావా వేసుకోండి అంటాం మనమైతే. అక్కడి చట్టం మాత్రం, అడ్వాన్సు తిరిగివ్వకుండా, సరైన కారణం లేకుండా మానేశాడంటే మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే సంతకం పెట్టాడని అనుకోవచ్చునంది. పోనీ, నా మనసులో మోసం లేదని బోనెక్కి చెప్పుకుందామంటే, ముద్దాయి తన ఉద్దేశం గురించి తాను సాక్ష్యం చెప్పడానికి ఆ రాష్ట్రపు నియమాలు ఒప్పుకోవు. 30 డాలర్ల జరిమానా, పైన కోర్టు ఖర్చులు. కట్టలేకపోతే జరిమానాకు బదులు 20 రోజులు, ఖర్చులకు బదులు 116 రోజులు కఠిన శ్రమ. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడు అమ్మడూ.

బానిసత్వం పోయాక వచ్చిన 1866 పౌరహక్కుల చట్టం, నల్లవాళ్ళకు దక్కిన హక్కులు వరసగా చెబుతూ మొట్టమొదట రాసింది కాంట్రాక్టు చేసుకునే హక్కునే. నలభై ఏళ్ళు తిరిగేసరికి ఆ హక్కుతో పెట్టిన సంతకాన్నే పట్టుకుని మనిషిని మళ్ళీ పొలానికి కట్టేశారు. బెయిలీ కేసు పైకోర్టులకు వెళ్ళడానికి నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ గుట్టుగా సాయం చేశారు. 1911లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకు అది విరుద్ధమని తీర్పు రాసింది జస్టిస్ చార్లెస్ ఎవాన్స్ హ్యూస్.

మనకీ ఇది తెలియని కథేం కాదు. అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టిన కూలీని జైలుకు పంపే చట్టం 1859లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడా తెచ్చారు, 1920ల దాకా ఉంచారు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు, తీసుకున్న అప్పు తీరక కొడుకుని కూడా ఆ ఇంట్లోనే పనికి పెట్టడం మీ తాతయ్య కళ్ళారా చూశాడు.

బెయిలీ తీర్పుకు ఆరేళ్ళ ముందు అదే సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడు. బేకరీ పనివాళ్ళచేత రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. యూటికా ఊళ్ళో జోసెఫ్ లాక్నర్ అనే బేకరీ యజమానికి దాని కింద 50 డాలర్ల జరిమానా పడింది. 1905లో కోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. యజమానీ పనివాడూ ఇష్టపడి ఎన్ని గంటలకు ఒప్పుకుంటే మధ్యలో ప్రభుత్వానికేం పని, అది వాళ్ళ కాంట్రాక్టు స్వేచ్ఛ అన్నారు. పొయ్యి ముందు పిండి పిసికేవాడు పదకొండో గంట పని "ఇష్టపడి" ఒప్పుకుంటాడని అంత చదువుకున్నవాళ్ళు ఎలా నమ్మారో నాకు అంతుపట్టలేదు. జస్టిస్ హోమ్స్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన మీద గౌరవం పెరిగే లోపే, బెయిలీ కేసులోనూ వ్యతిరేక తీర్పు రాసింది ఆయనేనని చదివాను. శాసనసభ చేసినదాన్ని జడ్జీలు చెరపకూడదని ఆయన పట్టు. ఆ పట్టు ఒక చోట పనివాడికి అండ అయింది, ఇంకో చోట సంకెల అయింది.

హ్యూస్ మధ్యలో రాజీనామా చేసి అధ్యక్ష పదవికి పోటీపడి ఓడిపోయి, 1930లో ప్రధాన న్యాయమూర్తిగా తిరిగొచ్చాడు. 1937లో ఎల్సీ పారిష్ కేసు ఆయన ముందుకొచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో వెనాచీ అనే ఊళ్ళో హోటలు గదులు ఊడ్చే ఆవిడ. ఆడవాళ్ళకు 48 గంటల వారానికి పద్నాలుగున్నర డాలర్లు కనీస వేతనమని రూలున్నా అంతకంటే తక్కువ ఇచ్చారు. రావలసిన 216 డాలర్ల 19 సెంట్ల కోసం దావా వేసింది. గెలిచింది. రాజ్యాంగంలో కాంట్రాక్టు స్వేచ్ఛ అన్న మాటే లేదని హ్యూస్ ఆ తీర్పులో రాశాడు. గదులూడ్చే మనిషి జీతం బాకీ కోసం పట్టుబట్టి, ముప్పై ఏళ్ళకు పైగా పాతుకుపోయిన వాదాన్ని పడగొట్టించింది. ఆవిడ పేరు మాత్రం గుర్తుపెట్టుకో.

ఇప్పుడు నీ కాగితం సంగతి. నిన్ను బెయిలీతో పోల్చడం లేదు. నీకు చదువుంది, జైలు భయం లేదు. కానీ వీసా వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు "వద్దు" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ముందే మానేస్తే కంపెనీ జరిమానా వేయకూడదని కార్మిక శాఖ నిబంధన. వీసా దరఖాస్తు ఫీజు కూడా నీ దగ్గర రాబట్టకూడదు. అయితే అది జరిమానా కాదు, మాకు కలిగే నష్టానికి న్యాయంగా వేసుకున్న అంచనా అని చూపించగలిగితే, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంతవరకు తీసుకోవచ్చు. పేచీలన్నీ అక్కడే. ఆ ఇరవై వేలు ఏ లెక్కన వచ్చిందో పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. అడుగు. జవాబు మెయిల్లో తెప్పించుకో, ఫోన్లో వద్దు.

రెండో క్లాజు, అదే క్లయింట్ల దగ్గర చేరకూడదన్నది, కాలిఫోర్నియాలో అయితే చెల్లదు. మన 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కిందా చెల్లదు. రెండూ ఒక్క చోటినుంచే వచ్చాయి. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే న్యూయార్క్ లాయరు తయారుచేసిన ముసాయిదా అది. ఆయన సొంత రాష్ట్రం దాన్ని తీసుకోలేదు గానీ కాలిఫోర్నియా తీసుకుంది, అదే ఏడాది ఇక్కడ మన చట్టంలోకీ వచ్చింది. ఆ వాక్యం ఆధారంగా నేను ఎంతమందికి ధైర్యం చెప్పానో. నువ్వుండే టెక్సస్‌లో మాత్రం కాలం, ప్రాంతం, పని పరిధి సబబుగా ఉంటే చెల్లుతుంది. కాబట్టి ఒక లాయరుకి చూపించు. ఫీజు నేను పంపుతాను, నీ పొదుపు ముట్టుకోకు.

ఇంకొకటి. తొమ్మిదో పేజీలో "అనుబంధం బి ప్రకారం" అని ఉంది. నువ్వు పంపినదాంట్లో ఆ అనుబంధం లేదు. అది తెప్పించుకుని చదివేదాకా సంతకం చెయ్యకు. వాళ్ళు పంపగానే నాకూ వాట్సాప్ చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న