ల్యాబ్ తలుపులు తెరిచారు, ఖాతా తెరవరేం?

సంపాదకులకు,

రొయ్యల చెరువుల నీళ్లలో, మట్టిలో యాంటీబయాటిక్ అవశేషాల మీద భీమవరం వైపు ఒక కాలేజీ నుంచి పరిశోధన చేస్తున్నాను. క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన మందుల జాడ పట్టే మెషిన్ కోట్లలో ఉంటుంది, మాబోటి కాలేజీలు కొనేది కాదు. అందుకే యూనివర్సిటీల ఉమ్మడి పరికరాల ల్యాబులకి శాంపిళ్లు పంపుతాం. పరికరాలు అందరికీ అందాలనే కేంద్రం 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ పెట్టింది, 2022లో శ్రీమాన్ పేరుతో మార్గదర్శకాలూ ఇచ్చింది. ఇంతవరకూ బాగానే ఉంది. పేచీ అంతా డబ్బు కట్టే దగ్గరే.

మేం పంపే ల్యాబ్ (పేరెందుకు లెండి) బుకింగ్ ఫారంలో ప్రాజెక్ట్ కోడ్ అని ఒక గడి ఉంటుంది, అది నింపకపోతే ఫారం ముందుకి కదలదు. ఆ కోడ్ యూనివర్సిటీలో వాళ్లకే ఇస్తారు. బయటివాళ్లం ప్రతిసారీ ఎస్టిమేట్ అడగాలి, అది వచ్చాక మా ఆఫీసులో నోట్ పెట్టించి ప్రిన్సిపాల్ గారి సంతకం అయ్యాక డబ్బు పంపాలి, ఆ తర్వాత యూటీఆర్ నంబరు (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) మెయిల్ చెయ్యాలి. అక్కడ గుమస్తా గారు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని ఏ మొత్తం ఎవరిదో చేత్తో సరిచూస్తారు. ఒకే రేటు కాబట్టి ఒకే మొత్తం నాలుగు కాలేజీల నుంచి పడితే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఈలోగా స్లాట్ పోతుంది, శాంపిళ్లు డీప్ ఫ్రీజర్‌లో పడుంటాయి, కరెంటు పోతే అదో టెన్షన్. పోనీ బిల్లయినా సరిగా వస్తుందా అంటే విద్యార్థి పేరు మీద వస్తుంది. 18 శాతం జీఎస్టీ కట్టిన బిల్లు కాలేజీ పేరు మీద లేకపోతే మా ఆడిట్‌లో చెల్లదు.

మా ఊళ్లో మేత కొట్టాయన రైతుకి మూడు చెరువులుంటే చెరువుకో పేజీ పెట్టి, ఏ బస్తా ఎందులోకి వెళ్లిందో అడిగిన వెంటనే చెబుతాడు. ల్యాబ్‌లోనూ అలాగే ముందుగా డబ్బు జమ చేసుకునేలా కాలేజీ పేరున ఒక ఖాతా, దాని కింద గైడ్‌కో ఉపఖాతా, అందులో విద్యార్థుల పేర్లు, ఒక్కొక్కరు ఎంతవరకు వాడొచ్చో పరిమితి పెడితే సరిపోతుంది. ఖాతాకో వర్చువల్ అకౌంట్ నంబరు బ్యాంకులే ఇస్తున్నాయి, డబ్బు పడగానే ఎవరిదో తెలిసిపోతుంది, గుమస్తా గారికీ ఊరట. నెలకో స్టేట్‌మెంట్ గైడ్‌కి వెళ్తే ఎవరు ఏం వాడారో గొడవే ఉండదు. రేట్లు తగ్గించమని మేం అడగట్లేదు.

ముందుగా డిపాజిట్ కడితే గ్రాంటు లెక్కల్లో ఇబ్బంది అంటారు కొందరు. నిజమే, డిపాజిట్ కట్టినంత మాత్రాన ఖర్చు రాయలేం, పరీక్ష జరిగి బిల్లు పడాలి. మార్చి 31 దాటితే, గ్రాంటు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ దగ్గర దొరికిపోతాం. మార్చిలో చేసిన పరీక్షకి ఏప్రిల్‌లో బిల్లు వేస్తే, అప్పటికి ప్రాజెక్టు ముగిసిపోయి ఉంటే ఆ డబ్బు గైడ్ జేబులోంచే పోతుంది. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే ప్రాజెక్టు ముగింపు తేదీ రాయించుకుని, దానికి నెల ముందు బుకింగులు ఆపి, బిల్లులన్నీ ఆ నెలలోనే ఇచ్చేసి మిగిలిన డబ్బు తిరిగి పంపే ఏర్పాటు చెయ్యాలి. ఫైనాన్స్ ఆఫీసర్, ల్యాబ్ ఇన్‌ఛార్జి ఒకసారి కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది.

— ఒక పరిశోధక విద్యార్థి, పశ్చిమ గోదావరి జిల్లా