పండగ రంగుల కంటే ముందు గోడ చెమ్మ గురించి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే ఇంటి అలంకరణ పేజీ నేను వదలకుండా చదువుతానండి. ఏ రంగు కర్టెన్ వేస్తే గది విశాలంగా కనపడుద్ది, హాల్లో ఒక గోడకి మాత్రం ముదురు రంగు ఎలా వేయాలి, ఇవన్నీ బాగానే రాస్తున్నారు, ఫొటోలు కూడా బాగుంటాయి. కాకపోతే ఆ ఫొటోల్లో గోడలన్నీ పొడిగా ఉంటాయి, మా వీధిలో ఒక్క ఇంటికీ అలాంటి గోడ లేదు. విజయవాడలో మేముండేది పల్లపు ప్రాంతం, సింగ్ నగర్ వైపు. చెమ్మ గోడ మీద ఏం చేయాలో, ఏం చేయకూడదో మీ పేజీలో ఒక్కసారి వివరంగా వేస్తే ఎన్ని ఇళ్ళకి డబ్బు మిగులుద్దో అని ఈ ఉత్తరం రాస్తున్నా.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయిన సంగతి మీ పేపర్లోనే వచ్చింది. నీళ్ళు తీశాక బురద కడిగేశారు, ఫ్యాన్లు పెట్టారు, పైకి చూస్తే గోడ ఆరినట్టే కనిపించింది, ఇంతలో సంక్రాంతి వచ్చేసింది, పండక్కి ఇల్లు అలా ఉంచుకోలేం కదా అని అందరూ పుట్టీ పెట్టించి రంగులేయించారు. ఎండాకాలం దాటకముందే కింద నుంచి మూడడుగుల వరకు బుడగలు బుడగలుగా లేచి పెచ్చులు ఊడాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ నానిందంటే లోపల ఆరటానికి అంగుళానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది, అంటే దగ్గర దగ్గర తొమ్మిది నెలలు, మధ్యలో వాన పడితే ఇంకా ఎక్కువ. నాలుగు నెలలకే పైన ప్లాస్టిక్ లాంటి రంగు పూసి లోపలి తేమకి దారి మూసేస్తే ఆ తేమ ఎటు పోద్ది, రంగుని తోసుకునే బయటికి వస్తది. ఆ పెయింటర్లని కూడా నేను తప్పు పట్టను, ఇంటివాళ్ళు తొందరపెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

వరద రాని ఇళ్ళలో కూడా ఇదే బాధ. అసలు ముందు తెలుసుకోవాల్సింది నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయనేది. మచ్చ నేల దగ్గర మొదలై పైకి పాకి మూడడుగుల దగ్గర ఒక గీతలా ఆగిందంటే అది భూమిలోంచి ఎక్కే చెమ్మ, దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీటిని పైకి లాగుద్ది. శ్లాబ్ అంచున, పిట్టగోడ కింద వానాకాలంలో మాత్రమే కనపడిందంటే అది డాబా మీద నుంచి. బాత్రూం ఆనుకున్న బెడ్రూం గోడకి సంవత్సరం పొడుగునా ఉందంటే పైపు అన్నా అయి ఉండాలి, బాత్రూం నేల అన్నా అయి ఉండాలి. ఈ మూడిటికి మూడు వేరే వేరే మందులు, షాపులో అడిగితే మాత్రం మూడిటికీ ఒకటే వాటర్‌ప్రూఫ్ డబ్బా చేతిలో పెడతారు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి చెప్తాను. అడుగు పొడవు అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని మచ్చ ఉన్నచోట నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు పడితే తేమ గోడలోనే ఉంది, రంగు జోలికి పోకూడదు. లోపల పొడిగా ఉండి బయటి వైపు తడి కనపడితే అది గదిలో గాలి తేమ, వంటింటి ఆవిరో, బట్టలు లోపల ఆరేయటమో, దానికి కిటికీ తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుంటే సరిపోద్ది. బాత్రూం గోడ అయితే రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గీత పెట్టుకుని పొద్దున్నే చూడాలి, ఎవరూ వాడకుండానే తగ్గితే పైపు కారుతున్నట్టు, ముందు కుళాయిలూ ఫ్లష్ కారట్లేదని చూసుకుని మరీ. తగ్గకపోతే బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ గుడ్డతో బిగించి రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టి అవతలి గోడ చూడండి, మచ్చ పెరిగితే టైల్స్ జాయింట్లు పోయినట్టే. చాలాసార్లు టైల్స్ పగలగొట్టే పని ఉండదు, జాయింట్లలో పాత సిమెంట్ గీకేసి ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే, నీళ్ళు పీల్చని ముద్ద) నింపితే ఆగిపోద్ది. ఇవేమీ చూడకుండానే మొత్తం బాత్రూం తవ్వాలని చెప్పే కాంట్రాక్టర్లు మా వైపు ఉన్నారు.

ఇప్పుడు ఉప్పు సంగతి. మా వీధిలో ఏ ఇంటికి పోయి సోఫా జరిపినా వెనక గోడకి దూదిలాగా తెల్లటి పొడి కనపడుద్ది, గోటితో గీకితే కరకరమంటా రాలుద్ది, దాని కింద ప్లాస్టరింగ్ వేలితో నొక్కితే ఇసకలా జారిపోద్ది. భూమిలోని లవణాలు, ఇటుకలో ఉన్నవి, ఉప్పగా ఉండే బోరు నీళ్ళతో కట్టినప్పుడు చేరినవి, అన్నీ నీటితో పాటు పైకొచ్చి, నీరు ఆవిరైపోయాక పైపొరలో గడ్డకట్టి, ఆ గడ్డలు పెరిగి పెరిగి ప్లాస్టరింగ్‌ని లోపలి నుంచి పగలగొడతాయి. దీన్ని తడిగుడ్డతో తుడవకూడదండి, మా వాళ్ళంతా చేసేది అదే. తడి తగిలితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోద్ది. పొడి బ్రష్‌తో దులిపి ఆ పొడి ఎత్తి బయట పారేయాలి, మళ్ళీ పొంగితే మళ్ళీ దులపాలి, పొంగటం బాగా తగ్గాకే మిగతా పని. ప్లాస్టరింగ్ పాడైపోయి ఉంటే మచ్చ గీతకి ఇంకో అడుగు పైదాకా కొట్టేయించి, ఇటుక కనపడేలా వదిలేసి, ఒక ఎండాకాలం మొత్తం ఆరనివ్వటం మంచిది. చూడటానికి అసహ్యంగా ఉంటది, నిజమే, చుట్టాలు అడుగుతారు కూడా, అయినా ఆరనివ్వాల్సిందే.

ఇక ఈ మధ్య అందరూ చేయిస్తున్న పీవీసీ ప్యానెళ్ళు. చెమ్మ కనపడకుండా పోద్దని నడుం ఎత్తు వరకు ప్యానెల్ బిగించేస్తున్నారు. మా పక్కింటి వదినగారు పోయిన ఏడు హాలంతా చేయించారు, ఈ మధ్య గదిలో ముక్కవాసన వస్తోందని ఒక ప్యానెల్ ఊడదీయిస్తే వెనక గోడంతా నల్లగా బూజు, ప్యానెల్ బిగించటానికి కొట్టిన చెక్క పట్టీలు చెదపురుగులు తినేసి పుల్లల్లాగా చేతిలోకి వచ్చాయి. వాళ్ళింట్లో చిన్నపిల్లాడికి ఆయాసం ఉంది, ఆ గదిలోనే పడుకుంటాడు. టైల్స్ అంటించినా అంతే, మూడడుగుల దగ్గర ఆగాల్సిన చెమ్మ టైల్స్ వెనక నుంచి ఆరే దారి లేక ఐదడుగుల దాకా ఎక్కుద్ది. వాల్‌పేపర్ స్టిక్కర్ల గురించి చెప్పేదే లేదు. దయచేసి ఈ ప్యానెళ్ళ గురించి మీ పేజీలో రాసేటప్పుడు పొడి గోడకి మాత్రమే అని ఒక్క ముక్క కలపండి.

గోడ లోపల వైపు చేసేదాని కంటే బయట వైపు చేసే పనులకే ఎక్కువ ఫలితం ఉంటది, పైగా ఖర్చు తక్కువ. ఏసీ నీళ్ళ పైపు గోడ మొదట్లో చుక్కలు చుక్కలుగా పడుతుంటే దాన్ని రెండడుగులు పొడిగించి బకెట్‌లోకో కాలవలోకో వదలండి, వేసవంతా పునాది మీద నీళ్ళు పోస్తున్నట్టు కాదా అది. గోడకి ఆనించి పోసిన మట్టి, పూలకుండీలు, ఇసక కుప్పలు తీసేయండి, లోపలి గచ్చు కంటే బయటి నేల కనీసం అరడుగు కిందకి ఉండాలి. ఇక్కడే మా అందరికీ పెద్ద ఇబ్బంది, సిమెంట్ రోడ్డు మీద మళ్ళీ సిమెంట్ రోడ్డు వేసుకుంటా పోతే పాతికేళ్ళ కిందటి ఇళ్ళ గచ్చు రోడ్డు కంటే పల్లం అయిపోయింది, వాన నీళ్ళు గేటు లోపలికే వస్తాయి. పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయమని మీ పేపర్ గట్టిగా రాయాల్సిన విషయం ఇది. అప్పటిదాకా గోడ పొడుగునా బయటికి వాలుగా రెండడుగుల సిమెంట్ పట్టీ వేయించుకుంటే కొంత నయం. డాబా మీద అయితే వానలకి ముందు నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర ఆకులు తీసేసి, పిట్టగోడకీ శ్లాబ్‌కీ మధ్య ఉన్న సందు చూసుకోవాలి, చాలా కారటాలు అక్కడే మొదలవుతాయి. ట్యాంక్ పొంగి ఒకే చోట పడతా ఉంటే అది కూడా.

గోడ పూర్తిగా ఆరకముందే ఏదో ఒకటి వేయక తప్పదు అనుకునేవాళ్ళకి మన పాత సున్నమే దిక్కని నా గట్టి నమ్మకం. సున్నం గోడని మూసేయదు, తేమ దానిలోంచి బయటికి పోతా ఉంటది, పైగా దాని ఘాటుకి బూజు త్వరగా పట్టదు. రాతి సున్నం తెచ్చి ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి తర్వాత సున్నపు రాళ్ళు కొద్దికొద్దిగా వేయాలి, కుతకుతా ఉడుకుద్ది, ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, కళ్ళకి అద్దాలు చేతులకి గ్లౌజులు తప్పనిసరి, కంట్లో పడితే చూపే పోయే ప్రమాదం. ఒక రాత్రి ఉంచి పల్చటి గుడ్డలో వడగట్టి పాలంత చిక్కగా చేసుకుని, తుమ్మ జిగురు నానబెట్టిన నీళ్ళు కొంచెం కలుపుకోవాలి. కొంతమంది ఉప్పు వేస్తారు, చెమ్మ గోడకి మాత్రం వద్దు. పాత ఎమల్షన్, అంటే ఆ ప్లాస్టిక్ లాంటి రంగు, పూర్తిగా గీకేసిన గోడ మీదే సున్నం నిలబడుద్ది, లేకపోతే పొరలా లేచిపోద్ది. గోడ కాస్త తడిపి పల్చగా మూడు కోట్లు. వేసినప్పుడు నీళ్ళలా ఉండి ఏమీ కనపడదు, అది చూసి చిక్కగా దట్టిస్తారు, అలా చేయొద్దు, ఆరాక మర్నాటికి తెల్లగా తేలుద్ది. బట్టలకి అంటుద్ది, కడగటానికి కుదరదు, ఏడాదికోసారి వేసుకోవాలి, ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ ఒక బస్తా సున్నం ఖరీదెంత, ఒక డబ్బా ఎమల్షన్ ఖరీదెంత.

పొడి గోడ ఉన్నవాళ్ళకి రంగు పని పెద్ద కష్టమేం కాదు, ఇంట్లో ఇద్దరుంటే సొంతంగా చేసుకోవచ్చు. కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే క్యూరింగ్‌తో (నీళ్ళతో తడిపే రోజులతో) కలిపి కనీసం 28 రోజులు ఆగాలి. పుట్టీ కొనేటప్పుడు వైట్ సిమెంట్‌తో చేసిందా, అక్రిలిక్‌దా చూసుకోండి, అక్రిలిక్‌ది తడి తగిలే చోటికి పనికిరాదు. సిమెంట్ పుట్టీ కలిపితే రెండు మూడు గంటల్లో అయిపోయేంతే కలుపుకోవాలి, పల్చగా రెండు పట్లు చాలు, గుంటలన్నీ పుట్టీతోనే నింపితే బీటలిస్తది. రంగు ఎంత కావాలో షాపువాణ్ణి అడిగే పనిలేదు, 10 అడుగులు 12 అడుగుల గది 10 అడుగుల ఎత్తు ఉంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, తలుపులు కిటికీలకి ఒక 50 తీసేస్తే 390, లీటరు రెండు కోట్లకి ఎన్ని అడుగులొస్తుందో డబ్బా మీద రాసే ఉంటది, దాంతో భాగిస్తే అయిపోయింది. రంగుకి ముందు వేసే ప్రైమర్ కోటు మాత్రం మానొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది చాలామందికి తెలీదు. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంటే అంతకు ముందు తలుపులకి, కిటికీ ఊచలకి వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంత సీసం ఉందో చెప్పలేం. వాటిని పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకి చేటు చేస్తది. వాటర్ పేపర్ తీసుకుని తడుపుతా రుద్దాలి, చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని ఆ రోజు వేరే ఇంట్లో ఉంచాలి, తర్వాత చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. బూజుకి బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు వాడేవాళ్ళు దాంట్లో బాత్రూం యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లో కలపొద్దు, విషపు గాలి వస్తది.

మిమ్మల్ని కోరేది ఇది. దసరాకీ సంక్రాంతికీ ముందు వచ్చే ఆదివారాల్లో ఆ పేజీలో సగం అయినా చెమ్మ గోడలకి ఇవ్వండి, అనుభవం ఉన్న తాపీ మేస్త్రి ఒకరితో, సివిల్ ఇంజనీర్ ఒకరితో పాఠకుల ప్రశ్నలకి జవాబులు చెప్పించండి, గోడల ఫొటోలు మేమే పంపిస్తాం. మా కృష్ణా, గోదావరి వైపు డిసెంబరు దాకా తుపాన్లు ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి నుంచి మే వరకు వేసే రంగే నిలబడుద్దని కూడా రాయండి, పండక్కి వేయించకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని అప్పు చేసి మరీ వేయించే ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. అద్దె ఇళ్ళలో చెమ్మ బాగు చేయించాల్సింది ఓనరా, అద్దెకున్నవాళ్ళా అన్నది కూడా ఒక లాయర్ గారితో రాయిస్తే బాగుంటది, ఆ గొడవ ప్రతి వానాకాలం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ